కస్రాన్‌కు కోదండరామ్ గారి స్వేచ్ఛా ప్రదానం

కస్రాన్ దేశ ప్రజలు ఇకమీదట నిశ్చింతగా ఉండవచ్చునని కెనడాలోని వాటర్లూ తెలుగు మహాసమాఖ్య అధ్యక్షులు శ్రీ కోదండరామ్ గారు మొన్న మార్చిలో తమ ఇంటి బేస్‌మెంట్‌లో ప్రకటించారు. ప్రకటించే సమయానికి ఆయన చేతిలో మిర్చిబజ్జీ ఉంది. కార్యవర్గమంతా చప్పట్లు కొట్టింది. పబ్లిసిటీ సెక్రటరీని కనుక నేను అందరికంటే కాస్త ఎక్కువసేపు కొట్టాను.

కస్రాన్ ఎక్కడుందని అడిగినవాళ్లు ఒకరిద్దరు లేకపోలేదు. అలాంటివాళ్లు ప్రతి కమిటీలోనూ ఉంటారు.

"అరబ్బు దేశమయ్యా! వాళ్ల ప్రెసిడెంటు ముప్పై ఏళ్లు ఏలి, మొన్ననేగా విమానమెక్కి పారిపోయింది? జనం విగ్రహాలు లాగి పడేస్తుంటే టీవీలో చూళ్లా?" అని కోదండరామ్ గారు ఓపికగా వివరించారు.

పాఠకులకు కూడా చెప్పాలి. ప్రెసిడెంటు పారిపోగానే కస్రాన్‌కు సాయం చేయడానికి ఒక పెద్ద దేశం ఉత్తరం నుంచి, ఇంకో పెద్ద దేశం దక్షిణం నుంచి, మూడోది సముద్రం మీద నుంచి వచ్చాయి. సాయం కాగానే వెళ్లిపోతామని మూడూ మాటిచ్చాయి. ఎప్పుడవుతుందనేది మాత్రం పరిస్థితిని బట్టి చెబుతామన్నాయి. ఈలోగా మూడూ మూడు రకాల జెండాలు తయారు చేయించి, మీకేది నచ్చిందో చెప్పండని జనాన్ని అడుగుతున్నాయి.

"ఇన్ని దేశాలు చేయూతనిస్తుంటే తెలుగువాళ్లం మనం చేతులు కట్టుకు కూర్చుంటామా?" అన్నారు కోదండరామ్ గారు.

కస్రాన్ గురించి ఆయనకున్నంత అవగాహన మా ఊళ్లో మరెవరికీ లేదు. ఒకసారి హైదరాబాద్ వెళుతూ కనెక్టింగ్ ఫ్లైట్ కోసం ఆ దేశపు ఎయిర్‌పోర్టులో రాత్రంతా కూర్చున్నారు. "తాగడానికి ఒక్క మంచి కాఫీ దొరకలేదయ్యా. ఈ ప్రభుత్వం నిలవదని ఆ రోజే అనుకున్నాను" అని ఆయన ఇప్పటికీ చెబుతుంటారు.

ఇందులో ఆయన స్వార్థం ఇసుమంతైనా లేదు. రాబోయే ఫెడరల్ ఎన్నికల్లో మా రైడింగ్‌కు, అంటే మన భాషలో నియోజకవర్గానికి, ఆయన పార్టీ టికెట్టు, ఇక్కడివాళ్ల మాటలో నామినేషన్, అడుగుతున్న మాట నిజమే. ఈ రైడింగ్‌లో అరబ్ ఓట్లు బాగా ఉన్నాయనీ, వాళ్లకోసం ఏదైనా చేసి చూపించమనీ పార్టీవాళ్లు ఆయనతో అన్న మాటా నిజమే. ఆ వారంలోనే ఆయనకు కస్రాన్ మీద దిగులు పట్టుకోవడం కేవలం యాదృచ్ఛికం. ప్రజాస్వామ్యమంటే ఆయనకు మొదటినుంచీ ప్రాణం. తొమ్మిదేళ్లుగా సమాఖ్యకు ఆయనే అధ్యక్షులు. ఎన్నికలు పెడితే కమ్యూనిటీలో చీలిక వస్తుందని, పరిస్థితులు కుదుటపడేదాకా ఆ బరువు తానే మోస్తున్నారు.

ఏప్రిల్‌లో ఒక శనివారం 'కస్రాన్ భవితవ్య మహాసభ' జరపాలని తీర్మానించాం. బ్యానరుకు, శాలువాలకు, మెమెంటోలకు ఆ పూటే మనుషుల్ని పురమాయించారు. అన్నీ సమకూరాక తేలిందేమిటంటే, మా దగ్గర కస్రాన్ వాళ్లు ఎవరూ లేరు.

ఊరంతా గాలిస్తే ఒక్కడు దొరికాడు. యూనివర్సిటీ దగ్గర షవర్మా షాపు నడిపే యూనుస్. ఆయన దగ్గర పార్ట్‌టైమ్ చేసేదంతా మన తెలంగాణ స్టూడెంట్లే. అందుకని ఆయనకు కొద్దిగా తెలుగు వచ్చు. "ఏం అన్నా, తిన్నవా?" అని పలకరిస్తాడు. మిగతాదంతా ఇంగ్లీషు.

కోదండరామ్ గారూ నేనూ వెళ్లేసరికి ఆయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కౌంటరు వెనక గోడకు ఒక పాత పెళ్లి ఫొటో ఉంది. కుర్ర యూనుస్, పక్కన పెళ్లికూతురు. వాళ్లిద్దరి తలల మధ్య వెనకనుంచి ఇంకో తల, వాళ్లకు మూడింతలుంది. మిలిటరీ టోపీ, మీసాలు, ముఖాన నవ్వన్నది లేదు.

"మీ మామగారా?" అని అడిగారు కోదండరామ్ గారు.

"కాదు. ప్రెసిడెంట్."

"ఓహో! పెళ్లికి ఆయనే స్వయంగా వచ్చారా?"

"ఆయన రాలేదు, ఆయన ఫొటో వచ్చింది. మా దేశంలో ప్రతి పెళ్లి హాల్లోనూ స్టేజీ వెనక ఆ ఫొటో ఉండాలి. తీసేయమని అడిగితే తీసుకెళ్లిపోతారు."

"ఫొటోనా?"

"అడిగినవాణ్ణి" అన్నాడు యూనుస్, ఉల్లిపాయలు తరుగుతూనే.

కోదండరామ్ గారు ఎంతో చలించి, మహాసభకు కస్రాన్ ప్రజల తరఫున రావలసిందిగా ఆయన్ని కోరారు. ఏ రోజని యూనుస్ అడిగాడు. చెప్పాం. కత్తి పక్కన పెట్టాడు.

"ఆ రోజు నా కూతురి పెళ్లి."

"శుభం! ఎక్కడ?"

ఎక్కడంటే, మా సభ జరిగే హాల్లోనే. ఇందులో పొరపాటు ఎవరిదీ కాదు. శనివారాలు పొద్దున పది నుంచి నాలుగు దాకా ఆ కమ్యూనిటీ సెంటర్ హాలు ఏడాది పొడుగునా మా తెలుగు బడికి బుక్ అయి ఉంటుంది. ఆ వారం బడి పిల్లలకు సెలవిచ్చి సభ పెట్టుకున్నాం. యూనుస్ ఐదింటినుంచి తీసుకున్నాడు.

"ఊళ్లో ఉన్న హాళ్లన్నీ తిరిగాను" అన్నాడు యూనుస్. "ఒకదాంట్లో స్టేజీ వెనక జలపాతం బొమ్మ ఉంది. ఇంకోదాంట్లో హాకీ టీమ్. ఈ హాల్లో తెల్ల గోడ. దానిమీద ఏమీ లేదు. నాకు కావలసింది అదొక్కటే. నా బిడ్డ పెళ్లి ఫొటోలో నా బిడ్డ, అల్లుడు ఉండాలి. వాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు. దానికోసమే ఇంత దూరం వచ్చాననుకోండి."

ఆ మాట చెబుతూ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల వల్ల కావచ్చు.

"నాలుగింటికి మీరు వెళ్లిపోతారు కదా?" అని మళ్లీ అడిగాడు.

"భలేవారే! నాలుగు దాటాక హాల్లో ఒక్క తెలుగువాడు కనబడితే నన్నడగండి" అన్నారు కోదండరామ్ గారు.

యూనుస్ తన దగ్గర పనిచేసే మన కుర్రాళ్ల వైపు చూశాడు. వాళ్లు ఫ్రయర్ వైపు చూశారు. అప్పుడాయన కాసేపు ఆలోచించి, సభకు తప్పకుండా వస్తానన్నాడు. పొద్దున్నించీ అక్కడే ఉంటానన్నాడు. స్వదేశం మీద అంత ప్రేమ నేను మరొకరిలో చూడలేదు.

సభకు వారం ముందు బేస్‌మెంట్‌లో యూనుస్‌తో సన్నాహక సమావేశం జరిగింది. మా వైస్ ప్రెసిడెంట్లలో ఒకరైన రంగనాథ్ గారు వేదిక మీద ఎవరెక్కడ కూర్చోవాలో బొమ్మ గీసి చూపించారు.

"ఇంతకీ మీరు నార్తా, సౌతా?" అని అడిగారు యూనుస్‌ని.

"నాన్నది నార్త్. అమ్మది సౌత్. మా నాయనమ్మ కొండల్లోంచి వచ్చింది. ఆమె భాష అరబ్బీ కూడా కాదు."

"అలా అంటే ఎట్లాగండీ? ఒకటి చెప్పాలి."

"మా దేశంలో ఉన్నన్నాళ్లు నన్నెవరూ అడగలేదు సార్. సాయానికి వచ్చినవాళ్లే మొదట అడిగారు."

"మరి మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటారు?"

"ఇక్కడైతే షవర్మా యూనుస్ అంటారు" అన్నాడాయన.

కోదండరామ్ గారు చిరునవ్వు నవ్వారు. ఇలాంటి చిక్కుముళ్లు విప్పడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. "యూనుస్ భాయ్, మాకూ కోస్తా ఉంది, రాయలసీమ ఉంది, తెలంగాణ ఉంది. తలా ఒక వైస్ ప్రెసిడెంటు పదవి. ఎవరికి ఒక కుర్చీ తగ్గినా తెల్లారేసరికి కొత్త సంఘం పుడుతుంది. మీ దేశంలో అలాంటి అన్యాయం జరగనివ్వం" అన్నారు.

ఆ ప్రకారం వేదిక మీద కస్రాన్‌కు మూడు కుర్చీలు కేటాయించాం. ఉత్తర కస్రాన్, దక్షిణ కస్రాన్, కొండజాతులు. ముగ్గురి తరఫునా యూనుసే కూర్చుంటాడు. మూడు బ్యాడ్జీలు ప్రింటు చేయించాం. ఏ కుర్చీలోకి మారితే ఆ బ్యాడ్జీ తగిలించుకోవాలని రంగనాథ్ గారు నేర్పించారు.

"డాడ్, దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్" అంది మెట్లమీద కూర్చున్న రిషిత. కోదండరామ్ గారి అమ్మాయి. యూనుస్ కూతురు రీమ్, తనూ యూనివర్సిటీలో ఒకే క్లాసు. "రీమ్స్ గెటింగ్ మ్యారీడ్ దట్ డే. జస్ట్ ఎండ్ ఆన్ టైమ్, ఓకే?"

"టైమ్ గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదమ్మా" అన్నారు ఆయన. మేం అందరం నవ్వాం. సమావేశం చెప్పిన టైముకు గంటన్నర ఆలస్యంగా మొదలైందని అప్పుడెవరికీ గుర్తులేదు.

జనాన్ని రప్పించడం ఎలాగన్నది తరువాతి సమస్య. కస్రాన్ భవితవ్యం అని వాట్సాప్‌లో పెడితే వస్తామని నలుగురు చెప్పారు. అందులో ఇద్దరు భోజనం ఉందా అని అడిగారు. మధ్యమధ్యలో పిల్లల డ్యాన్సులు కూడా ఉంటాయని నేను ఇంకో మెసేజ్ పెట్టాను. అంతే, పక్క ఊళ్లు కేంబ్రిడ్జ్ నుంచి, గ్వెల్ఫ్ నుంచి కూడా ఫోన్లు. ఒక్క పిల్ల ఆడితే అమ్మ, నాన్న, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, వీడియో తీయడానికి బాబాయి, ఇంతమంది వస్తారు. ఎవరి పిల్లను వద్దన్నా గొడవే కనుక అందరికీ అవకాశమిచ్చాం. ఒక భరతనాట్యం, ఒక కస్రాన్ ప్రసంగం, ఒక సినిమా పాట, మళ్లీ కస్రాన్. కార్యక్రమం అలా కుదిరింది.

శనివారం రానే వచ్చింది. బయట సగం కరిగిన మంచు, బురద. పొద్దున్నే హాలు తాలూకు మనిషి లిఫ్ట్ మెషీన్ మీద పైకెళ్లి, మా బ్యానరును సీలింగు దగ్గర కొక్కేలకు బోల్టులతో బిగించాడు. బ్యానరు డిజైన్ నాదే. స్టేజీ వెనక గోడ ఎంతుందో అంత. అడుగున తెలుగు, ఇంగ్లీషు, అరబ్బీల్లో సభ పేరు. నడుమ కస్రాన్ మ్యాపు. పైన, అన్నిటికంటే పెద్దగా, నమస్కరిస్తూ చిరునవ్వు నవ్వుతున్న కోదండరామ్ గారి ముఖం.

యూనుస్ అందరికంటే ముందు వచ్చాడు. సూటు వేసుకున్నాడు, జేబులో పువ్వు. బ్యానరు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నాలుగింటికి తీసేస్తారు కదా అన్నా?"

"సభ కాగానే మొదట దిగేది అదే" అని నేను భుజం తట్టాను.

పదింటి సభ పన్నెండు దాటాక మొదలైంది. ముఖ్య అతిథి, అంటే పార్టీ నామినేషన్ చూసే పెద్దమనిషి, అప్పటిదాకా రాలేదు. వచ్చాక జ్యోతి ప్రజ్వలన చేయించాం. దీపాలు వెలగగానే ఫైర్ అలారం మోగింది. జనమంతా బురదలోకి పరిగెత్తి, ఫైరింజను వచ్చి వెళ్లాక మళ్లీ లోపలికొచ్చారు. దీన్ని కూడా రంగనాథ్ గారు మైకులో కస్రాన్ ప్రజల కష్టాలతో ముడిపెట్టి మాట్లాడారు. అందరికీ కళ్లు చెమర్చాయి.

ఉత్తర కస్రాన్ తరఫున యూనుస్ లేచి, యుద్ధం వద్దు, బడులు తెరవాలి అన్నాడు. చప్పట్లు. ఇద్దరు పిల్లలు నెమలి నృత్యం చేశారు. యూనుస్ కుర్చీ మారి, బ్యాడ్జీ మార్చుకుని, దక్షిణ కస్రాన్ తరఫున ఇందాక ఉత్తరం చెప్పిందే నిజమన్నాడు.

రంగనాథ్ గారికి నచ్చలేదు. యూనుస్ చెవిలో అన్నారు: "అలా ఒప్పేసుకుంటే ఎట్లా? కాస్త విభేదించండి. చర్చ రక్తి కట్టాలి కదా!"

"ఎందుకు విభేదించాలి? నేనే కదా చెప్పింది?"

"మీరు సౌత్ అండీ ఇప్పుడు" అని గుర్తుచేశారు రంగనాథ్ గారు.

నాలుగైంది. యూనుస్ గడియారం చూసుకున్నాడు. మాకింకా సన్మానాలున్నాయి, పది డ్యాన్సులున్నాయి, అధ్యక్షోపన్యాసం ఉంది. యూనుస్ కోదండరామ్ గారి దగ్గరకొచ్చి వంగి అడిగాడు. ఆయన యూనుస్ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"యూనుస్ భాయ్, ఇప్పుడు మనం ట్రాన్సిషన్‌లో ఉన్నాం. ఈ దశలో అర్ధాంతరంగా వెళ్లిపోతే వాక్యూమ్ వచ్చేస్తుంది."

ఐదైంది. పెళ్లివారు రాసాగారు. మిస్సిసాగా నుంచి, విండ్సర్ నుంచి, ఒటావా నుంచి. ముసలివాళ్లు, చంటిపిల్లలు, జరీ దుస్తులేసుకున్న ఆడవాళ్లు. అందరూ అసలు సిసలు కస్రాన్ వాళ్లే. గుమ్మం దగ్గర రిజిస్ట్రేషన్ చూస్తున్న బేబీ గారు, కోదండరామ్ గారి శ్రీమతి, జాబితా మొత్తం వెతికి ఎంతో మర్యాదగా చెప్పారు: "సారీ అండీ, కస్రాన్ సీట్లు మూడే. మూడూ నిండిపోయాయి."

వాళ్లు కారిడార్‌లో గోడవారగా నిలబడ్డారు. ఎవరూ గొడవ చేయలేదు. నిలబడి ఎదురుచూడడం వాళ్లకు బాగా అలవాటున్నట్టుంది.

యూనుస్ మళ్లీ వచ్చాడు. ఈసారి నుదుట చెమట. "సార్, రీమ్ వచ్చేసింది. పార్కింగ్‌లో, కారులో కూర్చుంది. ఎన్నింటికి వెళతారో చెప్పండి, అదే పదివేలు."

"టైము చెప్పామనుకో, మిగిలిన డ్యాన్సుల పేరెంట్స్ నా మీద పడతారు. ఇలాంటివి గడియారం చూసి చేసేవి కావు భాయ్. పరిస్థితిని బట్టి వెళతాం" అన్నారు కోదండరామ్ గారు. ఎంత బాధ్యత గల మాట!

ఆరున్నరకు సభ అసలు ఘట్టానికి చేరింది. 'కస్రాన్ గడ్డ మీద తిష్ట వేసిన విదేశీ శక్తులు తక్షణం వైదొలగి, ఆ గడ్డను దాని ప్రజలకు అప్పగించాలి' అన్న తీర్మానాన్ని కోదండరామ్ గారే చదివారు. హాలంతా చేతులెత్తింది. కస్రాన్‌లోని మూడు ప్రాంతాలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. అంటే యూనుస్ మూడు కుర్చీల్లోకీ మారి మూడుసార్లు చెయ్యెత్తాడు. మూడోసారి ఎత్తిన చెయ్యి దించకుండా వచ్చి, రంగనాథ్ గారి దగ్గర మైకు లాక్కున్నాడు.

"ప్లీజ్. మీరంతా మంచివాళ్లు. సాయం చేయడానికి వచ్చామన్నారు. థాంక్యూ. సాయం చాలు. వెళ్లిపోతామని మాటిచ్చారు. టైము దాటి ఎంతైందో చూడండి. నా మనుషులు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. నా బిడ్డ చలిలో నాకోసం ఎదురుచూస్తోంది. ఈ చోటు మాది. దండం పెడతాను, లేవండి. వెళ్లిపోండి."

హాలంతా ఒక్కసారిగా లేచింది.

యూనుస్ ముఖం వెలిగిపోయింది. లేచినవాళ్లు నిలబడి చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. "వన్స్ మోర్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ముఖ్య అతిథి కూడా కోటు సర్దుకుంటూ లేచి నిలబడ్డాడు. చప్పట్లు ఆగాక అందరూ మళ్లీ కూర్చున్నారు.

"విన్నారుగా! 'నా బిడ్డ' అన్నారాయన. ఎవరా బిడ్డ? ప్రజాస్వామ్యం!" అని రంగనాథ్ గారు మైకు వెనక్కి తీసుకుని వివరించారు. "ఇప్పుడు మన చిరంజీవి లాస్య, జానపద నృత్యం."

యూనుస్ మూడు కుర్చీల్లో దేంట్లోనూ కూర్చోలేదు. స్టేజీ మెట్ల మీద కూలబడ్డాడు. బ్యాడ్జీలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడ నా శ్రీమతి శాంత చేసిన పని కూడా రాయక తప్పదు. ఆమెకు రాజకీయ పరిజ్ఞానం తక్కువ. గాలి కోసమని బయటికి వెళ్లినామె గబగబా తిరిగొచ్చింది.

"ఏవండీ, పెళ్లికూతురు నిజంగానే కారులో ఉందండీ! తెల్ల గౌను వేసుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. మన రిషిత పక్కనే ఉండి దాని చేతులు రుద్దుతోంది. మీకు సిగ్గుగా లేదూ?"

"శాంతా, ఆయన చెప్పింది సింబాలిక్..."

ఆమె నా వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపు నాకు పెళ్లైన కొత్తనుంచీ తెలుసు కనుక నోరు మూసుకున్నాను. ఆమె కొంగు దోపుకుని నేరుగా స్టేజీ ఎక్కి, లాస్య పాట ఆపించి, మైకు తీసుకుంది.

"భోజనాలు పెట్టేశారు. బయట లైను మొదలైంది. వెనకబడినవాళ్లకి ముక్కలు మిగలవు, తర్వాత నన్ననొద్దు."

ఐక్యరాజ్యసమితికి ఈ సంగతి తెలిసి ఉంటే ఎన్ని యుద్ధాలు తప్పేవో! కోదండరామ్ గారి ఉపన్యాసం ఇంకా ఉందని రంగనాథ్ గారు అరుస్తూనే ఉన్నారు. వినడానికి లాస్య తప్ప ఎవరూ మిగల్లేదు. కాసేపటికి లాస్యను కూడా వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లింది. నేను బయటికి వచ్చేసరికి కోదండరామ్ గారు లైనులో మూడోవారుగా ఉన్నారు.

నిజానికి మా బిర్యానీ ఇంకా హైవే మీదే ఉంది. శాంతకు ఆ సంగతి తెలుసు. జనం లేస్తే చాలని ఆమె అన్న మాట అది. కానీ కారిడార్ అవతల జిమ్ములోంచి, అంటే పిల్లలు ఆటలాడే హాల్లోంచి, వాసన వచ్చింది. వెళ్లి చూస్తే పొడుగాటి బల్లల మీద పెద్ద పెద్ద పళ్లేలు. అన్నం మీద ముక్కలు కోయకుండా కాల్చిన మేకలు, పైన బాదం పప్పులు, కిస్‌మిస్. ఎవరిదని ఎవరూ అడగలేదు. పెళ్లింటి భోజనం దగ్గరికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం కస్రాన్ వాళ్ల మర్యాద కాదట. కారిడార్‌లో నిలబడ్డ ముసలామెలే వచ్చి మాకు వడ్డించారు. నాకు వడ్డించినామె, ఇంకొంచెం వేసుకో నాయనా అన్నట్టు చెయ్యి ఊపి, రెండోసారి కూడా వేసింది. మాంసం వెన్నలా ఉంది. విముక్తి పొందిన ప్రజల కృతజ్ఞతలో ఇంత రుచి ఉంటుందని నేను అనుకోలేదు. శాంత తినలేదు. ఆకలి లేదంది.

పళ్లేలు ఖాళీ అయ్యాక మా బిర్యానీ వచ్చింది. దాన్ని పెళ్లివారికి ఇచ్చేయమని కోదండరామ్ గారు అప్పటికప్పుడు నిర్ణయించారు. "మానవతా సాయం అని రాయవయ్యా ప్రెస్‌నోట్‌లో" అన్నారు నాతో, చేతులు తుడుచుకుంటూ. హాలు నుంచి సమాఖ్య సంపూర్ణంగా వైదొలగిందని కూడా రాయమన్నారు. రాశాను.

హాలు చివరికి యూనుస్ చేతికి వచ్చింది. బ్యానరు మాత్రం దిగలేదు. లిఫ్ట్ మెషీన్ నడిపే మనిషి డ్యూటీ దిగి ఎప్పుడో వెళ్లిపోయాడు, తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. మన షవర్మా షాపు కుర్రాళ్లు కుర్చీల మీద కుర్చీలు పెట్టి ఎక్కి చూశారు. కొక్కేలు అందలేదు. చింపుదామన్నారు కానీ ఆ గుడ్డ చిరగదు, మంచి క్వాలిటీ చూసి నేనే వేయించాను. రిషిత పరుగెత్తుకెళ్లి టేబుల్ క్లాతులన్నీ తెచ్చింది. తెల్లవి. అందినంత ఎత్తుకు వాటిని అతికించారు. సభ పేరు కనబడకుండా పోయింది. కస్రాన్ మ్యాపు కూడా కనబడకుండా పోయింది. అక్కడితో గుడ్డలు అయిపోయాయి.

"ఐయామ్ సో సారీ, రీమ్. ఐయామ్ సో, సో సారీ" అంటూ రిషిత ఏడ్చేసింది.

రీమ్ ఆమెను కావలించుకుంది. గౌను అంచుకు బురద అంటి ఉంది. పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కింది. ఫొటోగ్రాఫరు వాళ్లని అటు జరిపాడు, ఇటు జరిపాడు, కింద కూర్చుని తీశాడు, పక్కనుంచి తీశాడు. యూనుస్ కాసేపు చూసి, "తీసెయ్ బేటా, పర్లేదు" అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో నాకు అర్థం కాలేదు.

నెల తిరక్కుండా కోదండరామ్ గారికి నామినేషన్ వచ్చింది. ఆ సభ వీడియోలో యూనుస్ ప్రసంగానికి జనం లేచి నిలబడడం పార్టీవాళ్లను బాగా కదిలించిందని విన్నాం. ఆయనకు ఇప్పుడు ఇంకో రెండు దేశాల నుంచి కూడా బాధ్యతలు మీద పడుతున్నాయి. సమాఖ్య ఎన్నికల సంగతి కార్యవర్గంలో ఎవరో ఎత్తితే, ప్రపంచం ఇలా ఉన్నప్పుడు ఇది సమయమా అన్నారు. నిజమే కదా!

ప్రచార కరపత్రాలు పంచడానికి నేను మొన్న యూనుస్ షాపుకు వెళ్లాను. ఆయన ఎప్పటిలాగే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. "ఏం అన్నా, తిన్నవా?" అన్నాడు. కరపత్రం ఒకటి తీసుకుని చదివి కౌంటరు మీద పెట్టాడు.

గోడమీద పాత పెళ్లి ఫొటో పక్కన కొత్తది వేలాడుతోంది. రీమ్, పెళ్లికొడుకు, వెనక తెల్ల గుడ్డలు. వాళ్లిద్దరి తలల మధ్య నుంచి కోదండరామ్ గారు, వాళ్లకు మూడింతలు. రెండు ఫొటోలకూ ఫ్రేము ఒకటే.

"ఇంకో ఫొటో పెట్టుకోవచ్చుగా యూనుస్ భాయ్? ఆయన పడనిది?" అన్నాను.

"ఆయన పడనిది ఒక్కటీ లేదు అన్నా."

రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. యూనుస్ కత్తి తుడిచి పక్కన పెట్టి, నా పక్కకొచ్చి తనూ చూశాడు.

"మా పాతాయన నవ్వేవాడు కాదు" అన్నాడు. "మీ ఆయన నవ్వుతున్నాడు చూడు. మార్పు వచ్చింది."